ఇంటికొక పాట ఇచ్చిన అయ్యోరు

2023వ సంవత్సరం, తమిళుల ఆడి నెల మొదట్లో సాల్మన్ అన్న తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరులోని నా స్టూడియోకు వచ్చాడు. స్టూడియో అంటే పెద్దదేమీ కాదు. స్టేషన్ రోడ్డులో మందుల అంగడి పైన రెండు గదులు, గోడలకు ఫోమ్ షీట్లు, ఒక కంప్యూటర్, కొన్ని మైకులు. క్రైస్తవ కీర్తనలు, మురుగన్ పాటలు, ఎన్నికలప్పుడు ఆటోల్లో వేసే ప్రచారాలు, అన్నీ ఇక్కడే రికార్డు చేస్తాను. గొంతులు దాచిపెట్టే ఈ పని దేవుడు నాకు అప్పగించిందని నా నమ్మకం.

సాల్మన్ అన్న తిరుత్తణిలోని మా చర్చి సంఘంలో పాటల బృందానికి నాయకుడు. వచ్చి కూర్చోగానే విషయం చెప్పాడు.

“అయ్యోరు పోయి వచ్చే నెలకి ఏడాది అవతాది తమ్ముడూ. ఆయన కట్టిన పాటలన్నీ రికార్డు చేసి జ్ఞాపకార్థ కూడికలో వినిపించాల. అయ్యోరమ్మ నోరు తెరిచి అడిగింది ఇదొకటే.”

అయ్యోరు అంటే జీవరత్నం అయ్యోరు. తిరుత్తణిలో ఒక బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. అయ్యోరమ్మ ఆయన భార్య. మా సంఘంలోవాళ్ళు ఎక్కువగా కంపెనీల్లో, కూలి పనుల్లో బతికేవాళ్ళు. పిల్లలు చదివేది తమిళం. తెలుగు వినపడేది ఇంట్లో, ప్రార్థనలో. అలాంటి మాకోసం ఆయన కీర్తనలు కట్టాడు. వాన రాని ఏటికి ఒకటి, షిఫ్టుకు బయలుదేరే ముందు పాడుకోవడానికి ఒకటి, ఆడపిల్ల పుట్టిల్లు విడిచే వేళకు ఒకటి.

ఆయన ఏ పాటనూ అచ్చు వేయించలేదు. “పుస్తకంలో వేస్తే బీరువాలో పెడతారు. మనిషికిస్తే నోట్లో పెట్టుకుంటారు” అనేవాడు. కట్టిన ప్రతి పాటనూ ఒక ఇంటికి నేర్పి ఆ ఇంటికే అప్పగించేవాడు. ఆ పాట కావలసినవాళ్ళు ఆ ఇంటికి పోయి, చాప మీద కూర్చుని నేర్చుకోవాలి. మా ఇంటికి వచ్చింది వాన పాట. మా నాయన సంఘానికి ఉపదేశి. అయినా మా నాయన దగ్గర వాక్యం వినడానికి వచ్చినవాళ్ళకన్నా మా అమ్మ దగ్గర వాన పాట నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. మా నాయన ఆ సంగతి గర్వంగా చెప్పుకునేవాడు.

నేర్పేటప్పుడు అయ్యోరి నోట ‘తప్పు’ అనే మాట వచ్చేది కాదు. “బయటికి పోయి మళ్ళా రా” అనేవాడు. పాడేవాళ్ళు లేచి, గడప దాటి, వీధిలో నిలబడి, పాట మొదటి నుంచి ఎత్తుకుని లోపలికి రావాలి. పిల్లలకైనా ముసలివాళ్ళకైనా అదే పద్ధతి. తప్పును గడప బయట వదిలేసి రావాలని ఆయన లెక్క. నేను పదేళ్ళ వయసులో ఎన్నిసార్లు వీధిలోకి పోయానంటే, మా వీధి కుక్కలకు కూడా ఆ పల్లవి వచ్చేసి ఉంటుంది.

రికార్డింగు పని హాయిగా సాగింది. ఒక్కో ఇంటివాళ్ళు ఆదివారాలు వచ్చి తమ పాట పాడిపోయారు. చివరికి ఒకే ఒక పాట మిగిలింది. అయ్యోరు మంచం పట్టడానికి ముందు కట్టిన సాయంకాల కీర్తన. అది సారమ్మక్క ఇంటికి ఇచ్చాడు. ఆ ఇంటికి తప్ప ఇంకెవరికీ అది రాదు. అయ్యోరమ్మను అడిగితే, “నాకు వంట వచ్చు నాయనా, పాట రాదు” అంది.

సారమ్మక్క సాల్మన్ అన్నకు సొంత చెల్లెలు. భర్త పోయాక ఆమె బూట్ల కంపెనీలో కుట్టు పనికి చేరింది. షిఫ్టుల వల్ల పాటల అభ్యాసానికి రాలేకపోయింది. సాల్మన్ అన్న ఆమెతో ఒక్క మాటైనా చెప్పకుండా, ఆమె స్థానం ఇంకొకరికి ఇస్తున్నట్టు ఒక ఆదివారం సంఘం ముందు చదివేశాడు. ఆ రోజు నుంచి ఆమె వెనక వరసలో కూర్చుని ఆరాధన ముగియగానే వెళ్ళిపోతుంది. అన్న ఆ ఇంటి గడప తొక్కలేదు.

“నువ్వు పోయి పాడించుకోని రా. నేను టీ అంగట్లో ఉంటా” అన్నాడు సాల్మన్ అన్న.

ఆమె సెలవు రోజు చూసుకుని మైకు, రికార్డర్ సంచిలో వేసుకుని తిరుత్తణికి వెళ్ళాను. మురుగన్ కొండ మీద జరిగే ఆడి కృత్తిక పండుగ దగ్గర పడింది. కొండకు పోయే కావళ్ళు, బస్సుల హారన్లు, వీధి చివర స్పీకర్లు. రికార్డింగుకు ఇంతకన్నా చెడ్డ కాలం ఉండదు. సారమ్మక్క గుమ్మం పక్కన ముగ్గుపిండి డబ్బా సర్దుతోంది. నా సంచి చూసి నవ్వింది.

“ఏమి తమ్ముడూ, నా గొంతు పట్టుకోని పోయేదానికి వచ్చినావా?”

“అవునక్కా. సాయంకాల పాట ఒకటే నిలిచిపోయుండాది.”

“పాట ఉండాది. యాడికీ పోలేదు. అయితే మైకుకి నేర్పను.”

“ఎందుకక్కా?”

“మైకు తప్పు పాడితే బయటికి పోయి మళ్ళా వస్తాదా?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “రావాల్సినోడు వస్తే నేర్పిస్తా. ఎవరని అడగొద్దు. నీకు తెలుసు” అంది.

టీ అంగడికి తిరిగి వచ్చాను.

“ఏమంటాది?”

“నిన్ను రమ్మంటాదన్నా.”

“ఫోన్లో పాడి పంపిస్తే చాలదా? ఈ కాలంలో చాప మీద కూర్చోని నేర్చుకునేదెవరు?”

బలిపీఠం దగ్గరికి అర్పణ తెచ్చినవాడికి తనమీద ఎవరికైనా నొప్పి ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు ఆ మనిషి దగ్గరికి పొమ్మన్న బైబిలు మాట నాకు చిన్ననాటి నుంచి కంఠస్థం. ఆ మాటే ఎత్తాను.

“సరే సరే, ప్రసంగం వద్దు. ఉపదేశి కొడుకువని తెలుసులే” అన్నాడు సాల్మన్ అన్న. టీ గ్లాసులో చుక్క మిగలకుండా, చాలాసేపు తాగాడు. తర్వాత చొక్కా సర్దుకుని లేచాడు.

గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సారమ్మక్క చాప తెచ్చి పరిచింది.

“కూర్చో అన్నా” అంది. అంతే.

నేను ఇద్దరి మధ్యా మైకు పెట్టి రికార్డర్ ఆన్ చేశాను. మొదట కాసేపు ఎవరినీ మాట్లాడవద్దన్నాను. ఏ గదికైనా దాని మౌనం దానికి ఉంటుంది. మా పనిలో దాన్ని రూమ్ టోన్ అంటారు. పాటలో అతుకులు వేయాల్సి వస్తే ఆ మౌనాన్నే వాడతాం. ఆ ఇంటి మౌనంలో కావళ్ళ గజ్జెలు, రేణిగుంట వైపు పోయే రైలు, ఉలుకూ పలుకూ లేని అన్నాచెల్లెళ్ళ ఊపిరి వినబడ్డాయి.

ఆమె ఎత్తుకుంది.

“దీపము పెట్టిన వేళ దేవా నీవు రావయ్యా,
వాకిలి తీసియున్నది, వచ్చి కూర్చో యేసయ్యా.”

ఆమె గొంతులో బిగువు తగ్గింది కానీ శ్రుతి చెక్కుచెదరలేదు. సాల్మన్ అన్న అందుకున్నాడు. పెద్ద గొంతు, మంచి సాధన. ‘రావయ్యా’ దగ్గర అలవాటు కొద్దీ స్వరాన్ని పైకి లేపి గమకం వేశాడు.

“యాడికి ఎక్కుతా ఉండావు? తిరుత్తణి కొండకా?” అంది సారమ్మక్క. “అది దిగాల. చుట్టాన్ని ఇంట్లోకి పిలిచేటప్పుడు వీధంతా వినపడేట్టు అరస్తామా? బయటికి పోయి మళ్ళా రా.”

ఆ మాట ఎంత గట్టిగా అందంటే రికార్డర్‌లో ఎర్ర లైటు వెలిగింది. దాన్ని క్లిప్పింగ్ అంటాం. శబ్దం యంత్రం పట్టగలిగినదాన్ని మించిపోయి పగిలిపోవడం. మామూలుగా అయితే ఆపి, లెవెల్ తగ్గించి, మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఆపలేదు. ఆ విరుపు, ఆ ‘రా’ మీద చిన్న సాగదీత, అచ్చం అయ్యోరిదే.

సాల్మన్ అన్న నన్ను చూశాడు. చెల్లెల్ని చూశాడు. లేచి, చెప్పులేసుకుని, వీధిలోకి పోయాడు. అక్కడి నుంచి పాడుతూ లోపలికి వచ్చాడు. ఇంకోసారి పోయాడు. కావడి మోసుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, “ఎన్నప్పా, ఇంట్లోకి రానియ్యరా?” అని అడిగితే, “రానిస్తారు సామీ, సరిగ్గా పాడితే” అన్నాడు.

చివరిసారి వచ్చినప్పుడు ‘రావయ్యా’ మెత్తగా కిందికి దిగింది. సారమ్మక్క కళ్ళు తుడుచుకుంది.

“ఈ పాట ఇచ్చినప్పుడు అయ్యోరు ఒకటే చెప్పినాడన్నా. ముందు మీ అన్నకే నేర్పియ్యి, వస్తాడు అన్నాడు. ఇంకెవురొచ్చినా నేను నోరు తెరవలా.”

“నేను రాకుంటే?” అన్నాడు సాల్మన్ అన్న.

“అదీ అడిగినా. వస్తాడులేమ్మా అన్నాడు.”

సాల్మన్ అన్న మడత పడిన చాప అంచు సర్దాడు. “ఆ పొద్దు సంఘంలో చదివే ముందు నీ దగ్గరికి రావాల్సింది” అన్నాడు. ఆమె, “ఇప్పుడు వచ్చినావు గదా. అన్నం తిని పో” అంది. అన్నం తిన్నాక ఇద్దరూ కలిసి పాట మొత్తం పాడారు.

స్టూడియోకు వచ్చాక ఆ సాయంత్రమంతా విన్నాను. దిద్దుబాట్లన్నీ కోసేసి చివరి పాట ఒక్కటే ఉంచడం మా పనిలో పద్ధతి. అన్న గొంతు, చెల్లెలి గొంతు కలిసిన ఆ చివరి టేక్ చక్కగా ఉంది. అయినా కోయలేదు. గజ్జెలు, చెప్పుల చప్పుడు, పగిలిన ఆ మాట, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

జ్ఞాపకార్థ కూడిక రోజు పాటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వినిపించాం. ప్రతి ఇంటివాళ్ళూ తమ పాట వచ్చినప్పుడు కొంచెం నిటారుగా కూర్చున్నారు. మా అమ్మ కూడా. చివరిది వేశాను. “బయటికి పోయి మళ్ళా రా” అని స్పీకర్లో వినపడగానే మందిరమంతా ఒక్కసారి నవ్వింది. అక్కడున్నవాళ్ళలో ఆ మాట విని వీధిలోకి పోనివాళ్ళు లేరు.

అయ్యోరమ్మ చేయెత్తింది. “పాటలు నాకు గుర్తుండవు నాయనా. ఆ మాట గుర్తుండాది. మా ఇంట్లో దినామూ విన్నదే. ఇంకోసారి వెయ్యి.”

“చాల్లే అమ్మా, మా అన్న పరువు పోతాది” అంది సారమ్మక్క. ఆమె ఆ రోజు వెనక వరసలో లేదు.

“పరువు ఆ పొద్దే గడప బయట పెట్టొచ్చినాలే” అన్నాడు సాల్మన్ అన్న. మళ్ళీ వేశాను.

తన దగ్గర విన్నది నమ్మకమైనవాళ్ళకు అప్పగించమనీ, వాళ్ళు ఇంకొకరికి నేర్పగలిగినవాళ్ళై ఉండాలనీ అపొస్తలుడు తన శిష్యుడికి చెప్పిన మాటను మా నాయన నోట ఎన్నోసార్లు విన్నాను. అది నెరవేరడం నా మైకు ముందు చూశాను. అయ్యోరు వదిలిపోయింది పాటలు మాత్రమే అనుకుని నేను వాటిని భద్రపరచబోయాను. నేర్పడం కూడా ఆయన మా ఇళ్ళల్లో వదిలిపోయాడు. అలాంటి మనిషి చేతుల్లో పెరిగిన సంఘం మాది.

ఇప్పుడు పెద్దవాళ్ళ పాటలు రికార్డు చేయాలని ఎవరు ఫోన్ చేసినా, నేను మొదట అడిగేది ఒకటే. “నేర్చుకునేది ఎవరు? వాళ్ళను కూడా వెంట తీసుకుని రండి.”