నడిమి పాటకు నడక చెప్పిన ఇల్లు

మా చిన్నబిడ్డ సెలెక్టయింది! హైదరాబాదులో పడమటి సంగీతం నేర్పే బడిలో ట్రంపెట్‌కు ఉన్నది ఒక్కటే సీటు, అది మా బిడ్డకే వచ్చింది. పొద్దున ఫోను వచ్చినప్పటి నుంచి నేను ఒకచోట కూర్చున్నది లేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తూనే మూడుసార్లు లేచి గుమ్మం దాకా పోయి వచ్చాను. మొదట చెప్పాల్సిన మనిషి నెల కింద జనగామలో గుండె ఆగి పోయారు. ఆయన బ్యాండు మాస్టరు, మా బిడ్డకు గురువు.

నేను మహబూబాబాదులో టైలరును. చదివింది ఏడో తరగతి. పెళ్లిళ్ల బ్యాండు వాళ్లకు జరీ పట్టీల ఎర్రకోట్లు కుడతాను. ఆ కొలతల కోసమే మాస్టరు మా దుకాణానికి వచ్చారు. మిలట్రీ బ్యాండులో పనిచేసి, పింఛను మీద సొంత ఊరు జనగామకు వచ్చి బ్యాండు పెట్టుకున్న మనిషి. కాయితం మీది గీతలు, చుక్కలు చూసి ఊదగలిగినవాడు నేనెరిగినంతలో ఆయనొక్కరే. నేను ఆయన భుజం కొలుస్తుండగా, పన్నెండేళ్ల మా బిడ్డ బల్ల మీది ట్రంపెట్ తీసి ఊదేసింది. కోపంతో చెయ్యెత్తాను.

"ఆగు తమ్మీ," అని మాస్టరు నా చేయి పట్టుకున్నారు. "మా పోరగాళ్లకు నెల పట్టింది గా కూత రానీకె. గీమె నిలవడ్డ కాడనే తీసింది. కొడితె నన్ను కొట్టు."

అప్పటి నుంచి ఎనిమిదేళ్లు, ప్రతి ఆదివారం రైలెక్కి జనగామ పోయాం. నోట్లో లవంగం, భుజం మీద తువ్వాల, ఆయన వాకిట్లోనే నిలబడి ఉండేవారు. "ఏందే, నీ పెదవి నిద్ర లేసిందా?" అన్నదే పలకరింపు. టిక్కుటిక్కుమంటూ తాళం వేసే డబ్బా ఒకటి ఆయన దగ్గర ఉండేది. పాట నడక కుదిరాక సరిచూసుకోవడానికే దాన్ని తీసేవారు, ముందుగా ఎన్నడూ తీయలేదు. "డబ్బా చెప్పినట్టు ఊదితే డబ్బానే ఊదినట్టు" అనేవారు.

ఈ సీటు పరీక్షకు ఒక సొనాటా ఊదాలన్నారు. నాకు తెలిసినంతలో అది మాటలు లేని పెద్ద పాట. మూడు ముక్కలుంటాయి. మొదటిది హుషారు, నడిమిది నెమ్మది, చివరిది ఉరుకు. కాయితం పైన ఇటలీ భాషలో ఒక్కో మాట రాసి ఉంటుందట. ఎంత హుషారు, ఎంత నెమ్మది అన్నది ఊదేవాళ్లే తేల్చుకోవాలి.

మా పిల్ల ఫోనులో ఎవరో విదేశీయుడు ఊదింది విని, అదే వేగంతో మొదటి ముక్క అందుకుంది. సగంలో వేళ్లు తడబడ్డాయి.

"ఎవలు తరుముతుండ్రు నిన్ను?" అన్నారు మాస్టరు.

"ఫోన్ల గిట్లనే ఉన్నది సార్."

"ఫోన్ల ఊదినాయన నోరు నీ నోరా? ఈ పాటల అన్నిటికన్న ఇరుకు సందు ఏడున్నది, చూపెట్టు." చుక్కలు కిక్కిరిసిన ఒక వరుసను బిడ్డ చూపించింది. "ఆడికెల్లి మొదలువెట్టు. ఆడ ఎంత స్పీడుల నిమ్మళంగ పోతవో, మొత్తం పాటకు గదే స్పీడు. రోడ్డు మీద ఉరికిచ్చి సందుల ఇరుక్కునే బరాతు ఎన్నడన్న చూసినవా? పెండ్లికొడుకు గుర్రం మీదికెల్లి పడ్తడు!"

నవ్వుకుంటూనే మొదటి ముక్క కుదిరింది. చిక్కంతా నడిమి పాటతో వచ్చింది. బ్యాండు వాళ్ల మధ్య పెరిగిన పిల్లకు నెమ్మదిగా ఊదే పాటంటే ఒక్కటే తెలుసు, పాడె ముందు ఊదేది. ఇదీ అట్లాగే ఊదింది. మాస్టరు తువ్వాల దులిపి లేచారు.

"ఎవలు సచ్చిండ్రే?"

"నెమ్మది అని రాసి ఉన్నది గద సార్!"

"నెమ్మది అని రాసిండ్రు. ఏడువుమని రాసిండ్రా?"

"మరెట్ల ఊదాలె?"

"నేను చెప్తె నా పాట అయితది. నీ అంతట నువ్వే సోంచాయించుకోని వచ్చే ఆదివారం రా."

ఆ ఆదివారం ఆయనకు రాలేదు. శుక్రవారమే పోయారు.

నేను కుట్టిన ఎర్రకోట్లు వేసుకుని బ్యాండు పోరలంతా పాడె ముందు నిలబడ్డారు. తమలో ఒకరు పోతే వాళ్లే ఊది సాగనంపడం వాళ్ల ఆచారం. "ఆఖరుగ నేర్పిన పాట నువ్వు ఊదు చెల్లె" అన్నారు. బిడ్డ నడిమి పాట ఊదింది. మోసేవాళ్ల అడుగుకు అడుగు కలుపుతూ, స్వరానికీ స్వరానికీ మధ్య ఆగుతూ ఊదింది. ఏడవనివాళ్లు లేరు.

అయితే ఆ నడక మా బిడ్డను వదలలేదు. పరీక్ష పక్షం రోజుల్లో ఉంది. ఇంట్లో మొదటి ముక్క చక్కగా సాగేది, నడిమిది మొదలుపెడితే పాడె లేచేది. "బాపూ, నా చేతుల లేదు. ఊదంగనే గా తొవ్వ కనవడ్తది. నేను పరీక్షకు పోను" అన్నది. నాకు కాలు నిలవలేదు. మిషన్ ముందు కూర్చుని ఒక కోటుకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను. "నువ్వు గట్ల తిరిగితె దాని పాట దారికొస్తదా? జర కూసో" అని మా ఇంటామె కసిరింది.

పదకొండో రోజు దినాలకు జనగామ పోయాం. భోజనాలయ్యాక మాస్టరు ఇంటామె బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ రోజు నువ్వు ఊదిన పాట ఏంది బిడ్డా? ఎక్కడనో ఇన్నట్టున్నది, అయితె గట్ల కాదు."

బిడ్డ సన్నగా పాడి వినిపించింది. ఆమె ముఖం విప్పారింది.

"అయ్యో, గిది ఏడుపు పాట ఎట్లయితది? నన్ను బతిమిలాడే పాట గద! నేను అలిగి అన్నం తినకుంటె, పళ్లెం పట్టుకోని ఎదురుంగ కూసోని, మిలట్రీల నేర్సిన గిదే పాట తీసేటోడు ముసలాయన."

"ఎట్ల తీసేటోడు అవ్వా?"

ఆమె కొంగు సవరించుకుని కూనిరాగం అందుకుంది. ఒక్కో వరుసా ఒక్క ఊపిరిలో, అలక తీరకముందే వచ్చే నవ్వును దాచుకున్నట్టు. "ఇంకింత మెల్లగ తీస్తె అన్నం సల్లారిపోతది. జల్ది తీస్తె నా కోపం పోతదా?" అంటూ తనే నవ్వింది, ఆ వెంటనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. బిడ్డ ఆమె మోకాలి మీద వేలితో తాళం వేస్తూ అదే నడకను పదేపదే పాడించుకుంది.

పరీక్ష రోజు నేను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను. లోపల నడిమి పాట మొదలైంది. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఈడ్వలేదు. ఎదుటి మనిషి కరిగేదాకా వదలనన్నట్టు ఒక్కో వరుసా వచ్చింది. ఆ కాసేపే నేను నిలబడ్డాను. బయటికి వచ్చాక బిడ్డ చెప్పింది, ఈ నడక ఎక్కడ నేర్చావని పరీక్ష పెట్టినవాళ్లు అడిగారట. "మా సార్ ఇంట్ల" అన్నదట.

ఇక లేవాలి, ఇంకా చాలామందికి చెప్పాలి. నర్సింహులపేటలో మా అక్కకు, చెవులు వినపడవు గనుక గట్టిగా. తొర్రూరులో వియ్యంకుడికి, ఆడపిల్లకు ఊదుడేందని ఎగతాళి చేశాడు గనుక రెండుసార్లు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే పెద్దల్లుడికి, షిఫ్టు దిగాక. కొత్తగూడలో మా బావమరిదికి, సిగ్నల్ ఎప్పుడు దొరికితే అప్పుడు. చుట్టాలు కాకున్నా, బ్యాండు పోరలందరికీ. జనగామలో మాస్టరు ఇంటామెకు మాత్రం ఫోనులో వద్దన్నది బిడ్డ. ట్రంపెట్ పెట్టె భుజాన వేసుకుని అప్పుడే స్టేషను దారి పట్టింది. నేనింకా చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను.