తమ్ముడి లిఫ్టు కంటే ఎత్తయినది

మా బాపు వంతుల మీద ఉంటాడు. ఒక నెల నా దగ్గర, ఒక నెల తమ్ముడి దగ్గర. శంషాబాద్‌లో మా రెండిళ్లకీ మధ్య ఒక్క గల్లీయే అడ్డం. మకాం మారడమంటే రెండు జతల బట్టలూ మందుల డబ్బా అటు మోయడమే. అమ్మ పోయినప్పటి నుంచి ఇదే పద్ధతి, ఎవరికీ పేచీ లేదు. తమ్ముడు తన షెడ్డులో కార్లెత్తే లిఫ్టు పెట్టించేదాకా నాకూ లేదు.

తమ్ముడి ఉద్యోగం గోదాములో, ప్రాణం పాత జీపుల్లో. రెండు స్తంభాల లిఫ్టు తెచ్చి బిగించుకున్నాడు. మీట నొక్కితే జీపు తల మీదికి లేస్తుంది, కింద నిలబడి పని చేసుకోవచ్చు. నావి రెండు కార్లు, రెండూ ఎయిర్‌పోర్టు కిరాయిలకి తిరుగుతాయి. ఆయిలు మార్చడం, బ్రేకులు చూడడం నా షెడ్డులో తవ్వించిన గుంతలోకి దిగి నేనే చేసుకుంటాను. ఆ పని నేర్పింది బాపే. మా ఊరు మంఖాల్‌లో ఉన్నప్పుడు చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ ఆయన చేతికే వచ్చేవి. ఆయన పక్కన కూర్చుని స్పానర్లు అందించింది నేను. తమ్ముడికి అప్పటికి నిక్కరు వేసుకోవడం కూడా రాదు.

అలాంటిది నా వంతు నెలలో, నా ఇంట్లో చాయ్ తాగి, నా భార్య పోసిన దోసెలు తిని, బాపు చెప్పులేసుకుని తమ్ముడి షెడ్డుకి పోయేవాడు. మధ్యాహ్నం చేతులకి ఆ జీపు గ్రీజుతో వచ్చేవాడు. "ఎంత అల్కగ లేస్తదిరా అది" అనేవాడు అన్నం కలుపుతూ. నేను సగంలోనే కంచం ముందు నుంచి లేచేవాణ్ని. పొద్దున బాపు అటు వెళ్లగానే, బట్టలు ఆరేసే నెపంతో మేడ ఎక్కి తమ్ముడి షెడ్డు వైపు చూసేవాణ్ని. "ఎన్నడు లేంది నువ్వు బట్టలారేసుడేంది?" అని నా భార్య నవ్వేది.

నేనూ లిఫ్టు కొనాలని తేల్చుకున్నాను. అవసరం కాదు, కుళ్లు. తమ్ముడి దానికంటే ఎత్తు లేవాలి, బాపు నా షెడ్డుకి రావాలి. రావిర్యాల దాటాక లిఫ్టులు అమ్మే అతను ఒకడున్నాడని తెలిసి వెళ్లాను. మూడు రకాలు చూపించాడు: రెండు స్తంభాలది, నాలుగు స్తంభాలది, నేలకి అతుక్కుని ఉండి కత్తెరలా విచ్చుకుని నడుము దాకా మాత్రమే లేచే చిన్నది. చిన్నదాని వైపు నేను తల కూడా తిప్పలేదు. షెడ్డు ఎత్తెంత, నేల కాంక్రీటు మందమెంత, పనిచేసేది ఎవరు అని అతను అడిగాడు.

"మా తమ్ముని దానికంటె అడుగు ఎక్కువ లేవాలె" అన్నాను.

అతను పెన్ను పక్కన పెట్టాడు. "నేనడిగింది గది కాదన్నా."

మర్నాడు కొలతలకి వచ్చాడు. ఆ పూట బాపుని కదలనివ్వకుండా షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అతను టేపు పెట్టి చూసి, నేను కోరిన ఎత్తుకి నాలుగు స్తంభాలది పెడితే కారు నెత్తి రేకులకి తగులుతుందన్నాడు. రేకులే లేపిస్తానన్నాను. అప్పుడు బాపు నోరు విప్పాడు.

"గంత ఎత్తు ఎవనికిరా?"

"నీకే బాపు. తమ్ముని దగ్గర నిలబడి పని జేస్తున్నవ్ కదా."

"మీదికి సూసి సూసి మెడ గుంజుతున్నది."

"మరి రోజు గాడికే ఎందుకు పోతవ్?"

"నీ గుంతల దిగరాదు కదరా. మోకాళ్లు ఒంగుతలేవు, రెండేండ్లాయె."

రెండేళ్లుగా బాపు నా గుంత అంచున టార్చి పట్టుకుని నిలబడేవాడు. పెద్దరికం వచ్చి చేతులకి మసి అంటించుకోవడం మానేశాడనుకున్నాను. లోపల్నుంచి "జర ఇటు కొట్టు బాపు లైటు" అని కసురుకునేవాణ్ని. సిగ్గేసింది. ఈ మోకాళ్ల సంగతి తమ్ముడికి ముందే తెలుసేమోనన్న అనుమానం కూడా వచ్చింది. నిజం చెప్పాలంటే సిగ్గు కంటే అదే ఎక్కువ మండింది.

లిఫ్టులతను ఫోనులో ఆ చిన్నదాని బొమ్మ తీసి బాపుకి చూపించాడు. బాపు కుర్చీలో కూర్చునే తన ఛాతీ ఎత్తున చెయ్యి పెట్టి, "చక్రం గీడిదాక వస్తె సాలు" అన్నాడు.

గుంత పక్కన నేల గట్టిగానే ఉంది. ఆ చిన్నదే పెట్టించాం. బాపు స్టూలు మీద కూర్చుని, మెడ ఎత్తకుండా, మోకాలు వంచకుండా చక్రాల నట్లు విప్పుతాడు. స్పానర్లు అందించేది మళ్లీ నేనే.

తర్వాతి నెల తమ్ముడి వంతు. మొదటి రోజే పొద్దున బాపు ముఖం కడుక్కుని నేరుగా నా షెడ్డుకి వచ్చి స్టూలు లాక్కున్నాడు. కాసేపటికి తమ్ముడు గల్లీ అవతల తన గేటు దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, పోయిన నెల మేడ మీది నుంచి నేనూ అలాగే చూసినవాణ్ని.

"అన్నా, బాపు ఇంక టిఫిన్ తినలే. జర పంపియ్యి" అని కేకేశాడు.

"ఈడ తిన్నడు తీ" అన్నాను.

బాపు నా ముఖంలోకి చూశాడు. నేను లోపలికి వెళ్లి, తొందరగా రెండు దోసెలు పొయ్యమని నా భార్యకి చెప్పాను.