చేవ లేని పలకలు

నా చిన్నప్పుడు, కమలాపురం దగ్గర మా ఊళ్లో, మాకూ పక్కింటి వడ్రంగికీ మాటల్లేవు. రెండిళ్ల మధ్య మోరీ నీళ్లు ఎటు పోవాలన్న తగాదా పంచాయితీ దాకా వెళ్లింది. మా అవ్వ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ అతనికి వినబడేలా తిట్టేది. అతను చేతిలో ఉలి ఆపకుండానే అంతకు రెట్టింపు తిట్టేవాడు. వాళ్ల పిల్లతో ఆడుకున్నానని నేను ఒకసారి దెబ్బలు కూడా తిన్నాను.

ఆ ఏడు మా నాయన ఇంటి ముందు పంచకు, రేకుల అంచు పొడవునా చెక్క పలకలు కొట్టించాలనుకున్నాడు. పక్కింటివాణ్ణి అడగడం చిన్నతనమని, నీలిరంగు వేసి అమ్మే పలకలను టౌను నుంచి తెచ్చాడు. నిగనిగలాడుతున్నాయి. వాటిని వాకిట్లో దించుతుండగా గోడవతల నుంచి వడ్రంగి గొంతు వినబడింది.

"అవి కొట్టొద్దప్పా. లోపల చేవ లేదు, అంతా తెల్లకట్టె. రెండు వానలు పడితే చెదలు పట్తాయి."

మా మంచి చూసి ఓర్వలేకే ఆ కూతలని నాయన మండిపడ్డాడు. నోరు మూసుకొమ్మన్నాడు. అతను గోడ దగ్గర నుంచి కదల్లేదు.

"నాకు పగ మీతోనే, కట్టెతో కాదు."

నాయన వినిపించుకోకుండా నిచ్చెన వేశాడు. అవ్వ మాత్రం వడ్రంగిని తిడుతూనే వంటింట్లోంచి కత్తి తెచ్చి, ఒక పలక మీద రంగు గీకింది. కింద పాలిపోయిన కట్టె బయటపడింది. మొన పెట్టి నొక్కితే అరటిబోదెలోకి దిగినట్టు దిగింది. ఆమె కత్తి కింద పెట్టింది. తర్వాత లేచి గోడ దగ్గరికి నడిచింది. ఆ నాలుగడుగులు ఆమెకు ఎంత కష్టమయ్యాయో నాకు ఆమె ముఖంలో కనిపించింది.

"ఏది మంచిదో నువ్వే చెప్పు," అంది.

అతను ఆమె వైపు చూడకుండానే చెప్పాడు. "ముసలి వేపమాను కట్టె చూసుకోండి. ఎర్రగా, బరువుగా ఉండాల. ఎక్కించకముందే కోసిన కొనలకు రంగు పట్టియ్యండి. కట్టె నీళ్లు తాగేది ఆడనే."

నాయన ఆ పలకలను తిప్పి పంపాడు. వేపకట్టె తెప్పించాడు గానీ పని పక్కూరి వడ్రంగికే ఇచ్చాడు. ఆ వేప పలకలు ఇల్లు పడగొట్టేదాకా చెక్కుచెదరలేదు. పగ కూడా అంతే. మర్నాడు పొద్దున అవ్వ మామూలుగానే తిట్లు అందుకుంది. అయితే ఆ తర్వాత ఆమె అతని వంశాన్ని తిట్టిందే గానీ, పనితనాన్ని ఒక్కమాట అనలేదు.

ఈ వయసులోనూ నాకు గిట్టనివాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లలో ఎవరైనా నేను చేసేది తప్పంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆ మాట నిజమో కాదో ముందు చూసుకుంటాను. తిట్టాల్సి వస్తే, ఆ తర్వాతే తిడతాను.