చూసి చెప్పమన్న పద్మక్క

టైపింగ్‌లో తప్పులుంటే ఏమీ అనుకోవద్దు. నేను ఐదో తరగతి దాకానే చదివాను. మన ఆడవాళ్ళ గ్రూపులో ఇంత పెద్ద మెసేజ్ పెట్టడం ఇదే మొదలు.

నిన్న పొద్దున గిద్దలూరులో మా అమ్మ దగ్గరున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "వదిన చనిపోయింది, వచ్చెయ్" అన్నాడు.

సరే, సాయంత్రం బస్సుకు వస్తానన్నాను.

ఫోన్ పెట్టేశాక గానీ ఆ మాట బుర్రకెక్కలేదు.

పద్మక్క నాకు తోడికోడలు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నాకున్న ఒక్క స్నేహితురాలు.

మార్కాపురం వచ్చాక ఇంకో సంగతి తెలిసింది. ఆమె గుండె బాగాలేదని ఏడాదిగా ఇంట్లో అందరికీ తెలుసట. డాక్టర్ విమానం ఎక్కొద్దన్నాడట.

నాకొక్కదానికే తెలియదు.

"నాకెందుకు చెప్పలేదు?" అని మా ఆయన్ని అడిగాను.

"చెప్తే నువ్వు భయపడి ఫ్లైట్ ఎక్కవని వదినే వద్దన్నది. నన్నేం చేయమంటావ్?"

మొన్నామధ్య మేము పోయొచ్చిన జర్మనీ ఫోటోలు మీరంతా చూశారు. మాది పలకరాళ్ళ వ్యాపారం కదా, మా ఆయన అక్కడ రాళ్ళ ఎగ్జిబిషన్‌కు వెళ్తుంటే తనూ వస్తానని అక్క పట్టుబట్టింది. "ఇన్నేండ్లు పలకలు ఏరినా. అవి యాడికి పోతన్నయ్యో నేనూ చూస్తా. చిన్నది వస్తేనే నేనొచ్చేది" అంది.

నామీద ప్రేమ అనుకుని పొంగిపోయాను.

విమానంలో కిటికీ సీటు ఆమెది. నాకిచ్చేసింది. "నువ్వు చూసి చెప్పు" అంది.

"మబ్బులు కిందుండాయక్కా."

"ఐతే వాన పైకి పడుతదా ఏంది?"

దిగిన రోజు సాయంత్రం ఇద్దరమే నడుస్తున్నాం. అక్కడ ఇళ్ళ గోడలకు కూడా నల్ల పలకలే. మా షెడ్డులో పలకను వేలి కణుపుతో కొట్టి, మోత విని, లోపల పగులుందో లేదో చెప్తారు. అక్క చేయి ఊరుకోలేదు. ఒక గోడను అట్లాగే టకటకా కొట్టింది.

ఎవరో పిలుస్తున్నారనుకుని ఒక ముసలామె తలుపు తీసింది!

అక్క చేతులు జోడించి, "రాయి బాగుందమ్మా, పగుల్లేదు" అంది. తెలుగులోనే.

ముసలామె నవ్వింది. అక్క ముఖం చూసి నవ్వు ఆపింది. వాకిట్లో బెంచీ చూపించింది.

అక్క కూర్చుండిపోయింది. "విమానానికి కాళ్ళు వాచినయ్‌లే. నువ్వు పోయి ఆ చర్చి చూసిరా. చూసి చెప్పు."

ఇంత దూరం తెచ్చి ఒంటరిగా పొమ్మంటుందేమని నాకు కోపం వచ్చింది.

తిరిగొచ్చాక, "ఏం చూసినావే?" అని ఆశగా అడిగింది.

"ఏముంది, రాళ్ళే" అన్నాను.

అక్కా, రాతిలో పగులు వినడం నేర్పింది నువ్వే. నీలోది మాత్రం నాకు వినిపించనివ్వలేదు. మన భాష రాని ముసలామెకు కనిపించింది. పక్కనే నడిచిన నాకు కనిపించలేదు.

ఇష్టమై తీసుకుపోయావా? పడిపోతే పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని తీసుకుపోయావా?

ఇప్పుడు ఎవరిని అడగాలి?

నీ మీద కోపంతో నిన్న నాకు ఏడుపు కూడా రాలేదు.

కానీ ఆ రోజు నేను చెప్పిందీ అబద్ధమే. అప్పుడే వాన వెలిసింది. చర్చి కప్పు నిండా పలకలే. నీళ్ళు చల్లి కడిగిన మన సరుకులాగా ఎండకు మెరిసిపోతోంది. ఎంతసేపు నిలబడిపోయానో.

ఇది చదివినాక అందరూ డిలీట్ చేయండి. మా ఆయన కంట పడకూడదు.

చూసింది చెప్పేశాను, పద్మక్కా. ఇక కాళ్ళు చాపుకుని హాయిగా పడుకో.