బావ కోసం ఎంచిన సింగిల్ స్టేజ్ ప్రెస్

మా అక్కా బావా ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలో ఉంటారు. బావ గనుల్లో ఎలక్ట్రికల్ ఇంజినీరు. కొన్నాళ్లు ఎడారిలో పని, కొన్నాళ్లు ఇంట్లో సెలవు. ఆ సెలవు రోజుల్లో ఏం చేయాలో తోచక ఊళ్లోని రైఫిల్ క్లబ్బులో చేరాడు. లైసెన్సు తీసుకుని కాగితపు గురి మీద కాల్చడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత తన తూటాలు తనే నింపుకోవాలన్న సరదా పట్టుకుంది. అక్కడ అది చట్టం ఒప్పుకునే అలవాటే. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని నొక్కి మళ్లీ కొలతకు తెచ్చి, కొత్తగా నిప్పు రాజేసే ప్రైమరూ, తుపాకిమందూ, బుల్లెట్టూ పెట్టుకుంటారు. నొక్కడానికి బల్లకు బిగించే చేతి ప్రెస్ కావాలి. అందులో ఏది కొనాలో చెప్పమని నన్నడిగాడు.

నేను సింగపూర్‌లో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో కొలతలు తనిఖీ చేసే ఇంజినీరుని. జన్మలో తుపాకీ ముట్టుకోలేదు. కానీ లీవరు, పోత ఇనుము, వెంట్రుకవాసి తేడా లేకుండా లేచి దిగే కడ్డీ, వీటి గురించి అడిగితే నాకు అన్నం సయించకపోయినా మాట సాగుతుంది. ఆదివారం పొద్దున్నే వీడియోలో కూర్చునేవాళ్లం. బావకి లాగినకొద్దీ తూటాలు వరసగా తయారయ్యే పెద్ద యంత్రం మీద మనసు.

"కొత్తలో అది వద్దు బావా" అన్నాను. "సింగిల్ స్టేజ్ తీసుకోండి. ఒకసారి లాగితే ఒక్క గొట్టానికి ఒక్క పనే అవుతుంది. మందు పడిందా, పొరపాటున రెండుసార్లు పడిందా, మీ కంటికి కనబడాలి కదా."

"అలా అయితే పొద్దుగూకులూ అదే పని మరదలా."

"మీకు సెలవుల్లో పనేముంది?"

చట్రం విషయంలోనూ వాదించుకున్నాం. ముందువైపు తెరిచి ఉండేది చేతికి అనువుగా ఉంటుంది, కానీ గట్టిగా నొక్కినప్పుడు కాస్త నోరు తెరుస్తుంది. చుట్టూ మూసి ఉండేది కదలదు. పాతదైనా సరే, పోత ఇనుముతో చేసిన మూసిన చట్రమే తీసుకోమన్నాను. బావ వింటూ, మధ్యలో ఫొటోలు పంపుతూ, నేను వాటికి మెసేజీల్లో జవాబులు రాస్తూ, ఆ నెలంతా మా ఇద్దరికీ సరదాగా గడిచింది.

ఒక శుక్రవారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి పుంగ్గోల్‌లోని మా ఫ్లాటుకి వచ్చేసరికి, కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తయ్య వంటింటి గట్టు ముందు నిలబడి ఉన్నారు.

"ఏమ్మాయ్, మధ్యాహ్నం ఎవడో పార్సెలొకటి తెచ్చాడు. నీ పేరే చెప్పాడు. బరువు చూసి పాపం వాడే లోపల పెట్టెళ్లాడు. జంతికల మిషనేమో అని విప్పాను. పిడి బాగానే ఉంది గానీ, పిండి ఎక్కడ పెడతారే ఇందులో?"

గట్టు మీద ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన ప్రెస్ ఉంది. చుట్టూ మూసిన చట్రం, పోత ఇనుము. నేను చెప్పింది చెప్పినట్టే. మొదటి క్షణం నాకు కలిగింది సంతోషమే. చెయ్యి దానంతటదే లీవరు మీదకు వెళ్లింది. కడ్డీ పైకి లేచింది, అటూ ఇటూ కొంచెం కూడా ఊగలేదు. అప్పుడు చూశాను, పక్కన ప్లాస్టిక్ సంచిలో ఇత్తడి గొట్టాలు.

మా ఫ్యాక్టరీలో పక్క బల్ల అతను ఇక్కడివాడే. కుర్రతనంలో సైన్యంలో తప్పనిసరి కొలువు చేసినవాడు. అభ్యాసంలో కాల్చిన గొట్టం ఒక్కటి తక్కువైనా, చీకటిపడినా సరే, అందరూ మోకాళ్ల మీద గడ్డి అంతా వెతకాల్సిందేనని ఓసారి భోజనాల దగ్గర చెప్పాడు. ఈ దేశంలో లైసెన్సు లేకుండా కాల్చేసిన గొట్టం దగ్గరుంచుకోవడం కూడా నేరమే. పైగా సంచిలో ఒకదాని అడుగు వేరుగా కనిపించింది. కాల్చినవాటికి అడుగున చిన్న గుంట పడుతుంది. దానికి పడలేదు. అంటే ప్రైమర్ ఇంకా పేలలేదు.

బావకి ఫోన్ చేశాను.

"వచ్చేసిందా! చెప్దామనుకుంటూనే మర్చిపోయాను. పాతది అమెరికాలో ఒకాయన అమ్మాడు. ఆస్ట్రేలియాకి పంపనన్నాడు. స్కూలు సెలవులకి మీ అక్క మీ ఇంటికే వస్తోందిగా, పట్టుకొస్తుందని మీ అడ్రసిచ్చాను."

"ఇందులో గొట్టాలున్నాయి బావా."

"నేనడగలేదే! ఊరికే వేసుంటాడు. మంచాయన."

"ఇక్కడ వీటికి జైల్లో వేస్తారు."

"కాల్చేసిన వాటికా? తుక్కు మరదలా అది. చెత్తలో పారెయ్."

మా ఆయన బ్యాంకు నుంచి వచ్చాక ఆయనా అదే మాటన్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. "గొట్టాలు వంటింటి చెత్త చూట్‌లోంచి కిందకి పడేద్దాం. ఆ ఇనుప ముక్కని చీకటి పడ్డాక కాలవలో వదిలేద్దాం. ఇక్కడే శాశ్వతంగా ఉండటానికి పీఆర్‌కి అప్లై చేసి కూర్చున్నామే! పోలీసులంటే ఏమవుతుందో ఆలోచించు."

"రేపు కింద చెత్త తీసేవాడికి దొరికితే? ఎక్కడినుంచో వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడు. ముందు వాడిని నిలబెడతారు."

"మనల్ని నిలబెడితేనో?"

అయినా పోలీసులకి ఫోన్ చేశాను. ఏదీ ముట్టుకోవద్దు, ఇల్లు కదలొద్దు, మనుషుల్ని పంపుతున్నామన్నారు. అన్నీ వంటింటి గట్టు మీదే ఉన్నాయని చెప్పాను. మా ఆయన సోఫాలో కూర్చుని నా వైపు చూడకుండా చేతులు నలుపుకుంటూ ఉండిపోయారు. అత్తయ్యకి ఏం జరుగుతోందో సగమే అర్థమైంది. దీపం వేళ అయిందని దేవుడి గూటి దగ్గరికెళ్లి దీపం పెట్టుకుని వచ్చారు.

ముందు ఇద్దరు వచ్చారు. తర్వాత చేతి తొడుగులేసుకుని ఇంకొందరు. ఎదురు ఫ్లాటు చైనీస్ ఆంటీ ఇనుప గేటు తీసి చూసి, మళ్లీ మూసేసింది. వాళ్లలో పెద్దాయన మలయ్ మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. గట్టు మీదవన్నీ చూశాడు, ఫొటోలు తీయించాడు. హాల్లోకి వచ్చి, దేవుడి గూటి ముందు ఆగిపోయాడు.

"మేడమ్, ఆ అగరుబత్తి దేంట్లో గుచ్చారు?"

అందరం అటు తిరిగాం. తళతళలాడే ఇత్తడి గొట్టం. దాంట్లో అగరుబత్తి వెలుగుతోంది.

"చింతపండేసి తోమే పెట్టానమ్మా" అన్నారు అత్తయ్య. "ముచ్చటగా ఉందని..."

నేను అనువదించాను. ఆయన నవ్వలేదు. "అన్నీ గట్టు మీదే ఉన్నాయని మీరు ఫోన్లో చెప్పారు" అన్నాడు.

"నాకు తెలియదు సార్."

"ఇంకెక్కడైనా ఉన్నాయేమో ఆవిణ్ణి అడగండి."

అడిగాను. అత్తయ్య కొడుకు మొహం చూశారు, నా మొహం చూశారు. గదిలోకి వెళ్లబోతే ఒక అమ్మాయి, పోలీసే, వెంట వెళ్లింది. మంచం కింది సూట్‌కేసు తెరిచి, పట్టుచీర మడతల్లోంచి అత్తయ్య ఇంకో గొట్టం చూపించారు. "మా అమ్మాయికి తీసుకెళ్దామని" అన్నారు. ఆ వచ్చే వారమే ఆవిడ కాకినాడ ప్రయాణం. ఆ సూట్‌కేసు చాంగీ విమానాశ్రయంలో స్కానరు కిందకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో!

పెద్దాయన గూటి దగ్గరికొచ్చి, బూట్లు తగలకుండా దూరంగానే ఆగాడు. "ఆంటీ, అగరుబత్తి మీరే తీసేయండి. తర్వాత మేం తీసుకుంటాం" అన్నాడు. అత్తయ్య బత్తి పైకి లాగారు. బూడిద దీపం మీద రాలింది.

స్టేషన్లో నన్నొక్కదాన్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. నా ఫోన్ వాళ్ల దగ్గరే ఉంది. ఎదుటి కుర్చీలో ఒక యువకుడు బావకి నేను పంపిన మెసేజీలు ఒక్కొక్కటే అడిగాడు. సగం ఇంగ్లిషు, సగం ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. తెలుగు ముక్కల అర్థం నాచేత చెప్పించి, పక్కన ఇంకొకరి చేత సరిచూసుకున్నాడు.

"'ఒక్కొక్కటే చేయండి, తొందరపడొద్దు' అని రాశారు. ఏమిటి చేయడం?"

"తూటా."

"'మూసిన చట్రమైతే ఎన్నేళ్లయినా పనిచేస్తుంది' అని రాశారు. ఎక్కడ పనిచేస్తుంది? ఎవరింట్లో?"

"మా బావ ఇంట్లో. ఆస్ట్రేలియాలో. ఆయనకి లైసెన్సుంది."

"పార్సెల్ మీద మీ పేరుంది."

నవ్వుకుంటూ రాసిన ప్రతి వాక్యం ఆ గదిలో ఇంకో రంగులో కనబడింది. ఒక్క అబద్ధం లేదు. అయినా చెబుతున్నకొద్దీ నాకే అనుమానం వచ్చేలా ఉంది. తుపాకీ ముట్టుకోని మనిషికి దీని గురించి ఇంత ఎందుకు తెలుసని అడిగాడు. ఇనుమంటే ఇష్టం అన్నాను. అది రాసుకోలేదు.

ఇంటికి పంపించారు గానీ మా పాస్‌పోర్టులు ఉంచుకున్నారు. అత్తయ్యది కూడా. ఆవిడ ప్రయాణం ఆగిపోయింది. ఇంట్లో మాటలు తగ్గాయి. మా ఆయన అన్నం తింటూ, "చూట్‌లో వేసుంటే" అని మొదలుపెట్టి ఆపేసేవారు. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే, తెలిసే పలకరిస్తున్నారేమో అనిపించేది. అత్తయ్య దేవుడి దగ్గర అగరుబత్తి వెలిగించడం మానేశారు. "నా వల్లే కదే" అని ఒకరోజు పోపు వేస్తూ ఏడ్చారు. కాదని ఎంత చెప్పినా వినలేదు.

బావ మొదట్లో ఫోన్ ఎత్తలేదు. నాకు కోపం కాదు, భయమేసింది. తర్వాత ఒక ఆదివారం అక్క ఏడుస్తూ చేసింది. "మీ బావ అక్కడికి బయల్దేరాడే. నేనే చెప్తాను వాళ్లకి అంటున్నాడు. వద్దంటే వినలేదు. అక్కడే పట్టుకుంటే మా గతేంటి?"

ఆ సాయంత్రం బావ మా గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. లోపలికి రాకుండానే అత్తయ్యకి చేతులు జోడించాడు. "మీ ప్రయాణం నా మూలంగా ఆగిపోయింది అత్తయ్యగారూ."

"ముందు లోపలికి రా బాబూ. భోంచేశావా?" అన్నారావిడ.

మర్నాడు తన లైసెన్సూ, అమ్మినాయనతో నడిపిన మెసేజీలన్నీ పట్టుకుని స్టేషనుకెళ్లాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎంతసేపటికీ రాలేదు. లోపలికి వెళ్లే ప్రతివాడినీ, వచ్చే ప్రతివాడినీ చూస్తూ, అక్కకి ఏం చెప్పాలో మాటలు కూడబెట్టుకుంటూ ఉన్నాను. చివరికి వచ్చాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఊరు వదలొద్దన్నారు" అన్నాడు. మా హాల్లో చాప మీదే పడుకునేవాడు. పొద్దున్నే లేచి, ఎవరూ చెప్పకుండానే గిన్నెలు తోమేవాడు.

కొన్నాళ్లకి పిలుపొచ్చింది. మలయ్ పెద్దాయనే మాట్లాడాడు. నాకు గట్టి హెచ్చరిక ఇచ్చారు. బావకీ ఇచ్చారు. సామాను తిరిగి రాదన్నారు. పాస్‌పోర్టులు చేతికిచ్చారు. "మీరే ఫోన్ చేయడం మంచిదైంది" అని ఒక్క మాటన్నాడు. అత్తయ్య క్షేమంగా కాకినాడ చేరారు.

ఆ ఏడు మా పీఆర్ దరఖాస్తుకి కాదని జవాబొచ్చింది. కారణం చెప్పరు. మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు.

చాలా నెలల తర్వాత అక్కతో మాట్లాడుతుంటే వెనక గ్యారేజీలో ఏదో చప్పుడు. బావ తన ఊరి దుకాణంలోనే ఒక చిన్న సింగిల్ స్టేజ్ ప్రెస్ కొనుక్కున్నాడట. నాకు చెప్పొద్దన్నాడట.

"ఫోన్ అటు తిప్పు" అన్నాను.

బావ తత్తరపడి లేచాడు. "ఊరికే మరదలా... ఇక్కడే కొన్నాను, బిల్లు కూడా ఉంది..."

"లీవరు లాగండి."

లాగాడు. కడ్డీ సూటిగానే లేచింది. కింద చెక్క బల్ల మాత్రం కదిలింది.

"బల్ల ఊగుతోంది బావా" అన్నాను. "దాన్ని గోడకి బిగించాకే మొదలుపెట్టండి."