పది చూపించిన ట్రెడ్‌మిల్

2022లో దసరా వెళ్లిన వారం. పంజాగుట్ట మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి, ఒక మందుల షాపు పై అంతస్తులో నా ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. అప్పటికి అక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెడ పట్టేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు. పరుగు వల్ల దెబ్బతిన్న కాళ్లు కూడా నెలకు నాలుగైదు వస్తాయి. వాళ్లందరూ తప్పకుండా అడిగేది ఒకటే, ట్రెడ్‌మిల్ మంచిదా, బయట పరిగెత్తడం మంచిదా అని. దానికి నా దగ్గర కంఠతా వచ్చిన జవాబు ఒకటి ఉండేది. స్రవంతి కేసు తర్వాత ఆ జవాబు చెప్పడం మానేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తోంది. అందులో కొంత నా మీద కూడా.

స్రవంతికి ఇరవై నాలుగేళ్లు. వికారాబాద్ దగ్గర పల్లెటూరు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ, మధ్యాహ్నం నుంచి ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తూ, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. మొదటి రాతపరీక్ష పాసైంది. తర్వాతిది దేహదారుఢ్య పరీక్ష. అభ్యర్థులు దాన్ని ఈవెంట్స్ అంటారు. ఆడవాళ్లు ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో పరిగెత్తాలి. ఆ పరుగు దాటకపోతే మిగతావి ఎంత బాగా చేసినా లెక్కలోకి రావు. పరీక్షకు ఏడెనిమిది వారాలకు మించి లేదు.

కుంటుకుంటూ మెట్లెక్కి వచ్చింది. రెండు కాళ్లలో మోకాలి కింద, ముందు ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి. వేలితో నొక్కుతూ పోతే జానెడు పొడవునా ఉలిక్కిపడింది. ఒంటికాలి మీద ఎగరమంటే మూడోసారికి ఆగిపోయింది. దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటాం. అలవాటు లేని గట్టి నేల మీద ఒక్కసారిగా పరుగు పెంచితే ఎముకను అంటుకున్న కండరాలు లాగి లాగి అక్కడ మంట పుడుతుంది. వినకుండా ఇంకా పరిగెత్తితే ఎముకే చిట్లుతుంది. నొప్పి ఒక్క చోటే గుచ్చినట్టు లేదు కాబట్టి ఆమెకు అంతదూరం రాలేదని తేలింది.

ఎలా పరిగెత్తావని అడిగాను. మూడు నెలలుగా జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద, రోజూ. స్పీడు పదిలో పెట్టుకుని ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల లోపే ముగించేదట. గడువుకు అర నిమిషం ముందే అన్నమాట. ధైర్యంగా ఉంది. తీరా పది రోజుల కిందట స్నేహితురాళ్లతో కలిసి ఒక గ్రౌండ్‌లో పరిగెత్తి చూసుకుంటే దాదాపు ఆరు నిమిషాలు పట్టింది. భయపడిపోయి, ఆ రోజు నుంచి హాస్టల్ ముందు సిమెంటు రోడ్డు మీద పొద్దునా సాయంత్రం ఆ సందు చివర నుంచి ఈ చివరకు పరుగులు తీసింది. వారానికల్లా కాళ్లు ఇలా అయ్యాయి.

నా కంఠతా జవాబు మొదలుపెట్టాను. ట్రెడ్‌మిల్ మీద బెల్టే కాళ్ల కింద నుంచి వెనక్కి పోతుంది, వేగం మెషిన్ చూసుకుంటుంది, ఎదురుగాలి ఉండదు, మలుపులు ఉండవు, కింద మెత్త ఉంటుంది. బయట వేగం మనమే పట్టుకోవాలి, నేల దెబ్బ కాళ్లే మోయాలి. ఇదంతా చెప్పి ఊరుకోక, నీతి కూడా చెప్పాను. "పరీక్ష నేల మీద అని తెలుసు కదమ్మా. మూడు నెలలు ఏసీలో పరిగెత్తి ఇప్పుడు కాళ్లు నొప్పి అంటే ఏంటి? మొదటి నుంచీ బయట ఎందుకు పరిగెత్తలేదు?"

ఆమె తల వంచుకుంది. నాకది తప్పు ఒప్పుకోవడంలా కనిపించింది. రెండు వారాలు పరుగు బంద్ అని, క్లినిక్‌లో సైకిల్ తొక్కమని, పిక్కల వ్యాయామాలు చేయమని రాసిచ్చి పంపాను.

నాలుగోసారి వచ్చినప్పుడు, కాళ్లకు ఐస్ పెట్టుకుని కూర్చుని తనంతట తనే చెప్పింది. జూన్‌లో బయటే మొదలుపెట్టిందట. పొద్దున ఐదున్నరకు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా, మెట్రో పిల్లర్ల పక్కన. మూడో వారంలో ఇద్దరు మగవాళ్లు బైకు మీద ఆమె పక్కనే నెమ్మదిగా నడుపుతూ ఫోన్లో వీడియో తీశారు. మర్నాడు దారి మార్చింది. ఆ తర్వాతి రోజు వాళ్లు ఆ దారిలోనూ వచ్చారు. వెనక కూర్చున్నవాడు చెయ్యి చాపి ఆమె వీపు కింద గట్టిగా చరిచాడు. ఆమె డివైడర్ మీద పడింది. బైకు ఆగలేదు. హాస్టల్ నడిపే ఆమెకు చెబితే, ఆ టైములో నిన్నెవరు ఉరకమన్నారు, పేరు పోతే హాస్టల్‌కు పోతుంది అని తిట్టింది.

"అప్పటిసంది జిమ్‌కి పోతున్న మేడం. ఆడ ఎంత ఉరికినా ఎన్కకెల్లి ఎవరు రారు," అంది.

నేను అడిగిన ప్రశ్నకు అది జవాబు. రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది, ఎందుకంటే నేను దాన్ని ప్రశ్నలా కాక తిట్టులా అడిగాను. హాస్టలామె అన్నదానికీ నేను అన్నదానికీ పెద్ద తేడా లేదు. ఆవిడ ఎందుకు బయటికెళ్లావంది, నేను ఎందుకు వెళ్లలేదన్నాను. ఆ బైకు మీది ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంకో సంగతి నాకు మింగుడు పడలేదు. ట్రెడ్‌మిల్‌కూ నేలకూ తేడా ఉంటుంది, నిజమే. కానీ ఎనిమిది వందల మీటర్లకు నిమిషం పైగా తేడా ఉండదు. మర్నాడు స్రవంతితో కలిసి ఆ జిమ్‌కు వెళ్లాను. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య, మూడో అంతస్తు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు స్పెషల్ ట్రైనింగ్ అని మెట్ల దగ్గర బోర్డు. ట్రైనర్ అంటే మెషిన్ ఆన్ చేసి ఫోన్ చూసుకునే మనిషి.

నేను తొడల కొలతకు వాడే టేపుతో, బెల్టును చేత్తో కొంచెం కొంచెం లాగుతూ చుట్టుకొలత తీశాను. మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు వచ్చింది. బెల్టు అంచున తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, స్పీడు పదిలో పెట్టి, అదే జిమ్‌కు వచ్చే స్రవంతి స్నేహితురాల్ని పరిగెత్తమని, ప్లాస్టర్ నిమిషానికి ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కపెట్టాను. నిజంగా పది ఉంటే యాభై రెండుసార్లు రావాలి. నలభై మూడే వచ్చింది. మూడుసార్లు చూశాను, అంతే. మెషిన్ పది అని చూపిస్తున్నప్పుడు ఆ పిల్లలు పరిగెత్తుతున్నది ఎనిమిదికి కాస్త ఎక్కువ. ఐదు నిమిషాల లోపు అనుకున్నది ఐదు నిమిషాల యాభై సెకన్లు. గ్రౌండ్‌లో స్రవంతికి పట్టిన సమయమే సరైనది.

ఓనర్‌ను పిలిపించాను. నలభై ఏళ్ల మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. మెషిన్ లోపలి రోలర్ పాడైతే వేరే సైజుది వేయించానని, స్పీడు మళ్లీ సెట్ చేయించాలని మెకానిక్ అప్పుడే చెప్పాడని ఒప్పుకున్నాడు. ఎప్పుడు అంటే, ఏడాది అయిందన్నాడు.

"గింత దానికి ఫికర్ ఎందుకు మేడం? నంబర్ ఎక్కువ కనిపిస్తే కస్టమర్ ఖుషీ అయితడు. ఈడ ఎవరు ఒలింపిక్స్‌కి పోతలేరు కదా."

"ఈ అమ్మాయి పరీక్షకు వెళ్తోందండీ. మీ బోర్డు చూసే మీ దగ్గరికి వచ్చింది," అన్నాను. నా గొంతు వణికింది. కోపం వస్తే నాకు అరుపు రాదు, వణుకు వస్తుంది. అందుకని వాదనల్లో ఎప్పుడూ ఓడినట్టే కనిపిస్తాను. అతను చూద్దాం లెండి అని ఫోనెత్తుకున్నాడు.

ఇక గ్రౌండ్ వెతకాలి. దగ్గర్లోని కాలనీ పార్కుకు వెళ్తే, వాకింగ్ చేసే పెద్దమనిషి ఒకరు ఆపి, ఇక్కడ నడవడమే గానీ పరిగెత్తకూడదు, పెద్దవాళ్లకు అడ్డం అన్నారు. మరి ఎక్కడ పరిగెత్తాలండీ అంటే, రోడ్డు ఉంది కదమ్మా అన్నారు. ఆయనకు చెప్పాల్సింది చాలా ఉండింది. చెప్పకుండా వచ్చేశాను. ఆ రోజంతా నా మీద నాకే మంట.

చివరికి శ్రీనగర్ కాలనీలో నా పేషెంట్ ఒకాయన, స్కూల్లో పీఈటీ మాస్టారు, పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా వాళ్ల మట్టి గ్రౌండ్ వాడుకోవడానికి అనుమతి ఇప్పించారు. స్రవంతీ, హాస్టల్లోని ఇంకో ఇద్దరూ వచ్చేవాళ్లు. హాస్టల్ నుంచి గ్రౌండ్ దాకా వాళ్లు నడుస్తుంటే నేను వెనక స్కూటీ మీద వెళ్లేదాన్ని. నిమిషం పరుగు, నిమిషం నడకతో మొదలుపెట్టించాను. నొప్పి తిరగబెట్టకుండా పరుగు పెంచడానికి మాకు మిగిలింది నాలుగు వారాలు. కావలసింది మూడు నెలలు. ఆ మూడు నెలలూ ఆమె ఒళ్లు దాచుకోకుండా కష్టపడింది, తప్పుడు అంకెను నమ్మి.

పరీక్ష రోజు గ్రౌండ్ బయటి నుంచే ఫోన్ చేసింది. ఐదు నిమిషాల ఇరవై ఏడు సెకన్లు. గడువుకు ఏడు సెకన్లు ఎక్కువ.

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "కాళ్లు నొయ్యలే మేడం. దమ్ము సుత ఉండె. జర ముందు తెల్సుంటే అయిపోతుండె," అంది. ఆ రోజు సాయంత్రం పేషెంట్లందర్నీ రేపు రమ్మని చెప్పించి, క్లినిక్ మూసేసి వెళ్లిపోయాను.

వారం తర్వాత ఆమె జిమ్‌కు వెళ్లి ఆ ట్రెడ్‌మిల్ మీద ఒక కాగితం అంటించింది. పది అని చూపిస్తే ఎనిమిది అని అర్థం, ఈవెంట్స్‌కు పోయేటోళ్లు నమ్మకండి అని. ఓనర్ పీకేశాడు. మర్నాడు ఇంకోటి అంటించింది. మూడోసారి పీకబోతే, అక్కడ పరిగెత్తుతున్న అమ్మాయిలు పీకనివ్వలేదట. ఆ నెలాఖరుకు మెకానిక్ వచ్చి స్పీడు సెట్ చేశాడు. ఒక మనిషి ఏడాదిపాటు చేయని పని అరగంటలో అయిపోయింది. అది తల్చుకుంటే సంతోషం కంటే ఒళ్లు మంటే ఎక్కువ.

ఇప్పుడు నా దగ్గరికి పరిగెత్తేవాళ్లు వస్తే, ముఖ్యంగా ఆడపిల్లలు వస్తే, ముందు నేను మాట్లాడను. ఎక్కడ పరిగెత్తుతారు, అక్కడే ఎందుకు అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగుతాను. బెల్టు, గాలి, మెత్త, ఇవన్నీ పుస్తకంలో ఉన్న తేడాలు. వాటికి నేను మందు చెప్పగలను. స్రవంతి చెప్పిన తేడాకు నా దగ్గర వ్యాయామం లేదు. దాన్ని ఆ పిల్లల బద్ధకంగా లెక్కగట్టకుండా ఉండటం మాత్రం నా చేతిలో ఉంది. అంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు పదకొండేళ్లు, ఒక అమ్మాయి ఉద్యోగం పట్టాయి.

స్రవంతి ఇప్పటికీ ఆ షాపులోనే పనిచేస్తోంది, మళ్లీ తయారవుతోంది. గ్రౌండ్‌కు ఇప్పుడు తొమ్మిదిమంది వస్తున్నారు. గుంపుగా వెళ్తారు, నా స్కూటీ అవసరం లేదు. మొన్న పీఈటీ మాస్టారి స్టాప్‌వాచ్‌లో ఆమెకు ఐదు నిమిషాల రెండు సెకన్లు వచ్చాయి.