పిన్ని దేవుడి గూట్లో నీలం గాజు

మొన్న మా అల్లుడు ఎక్కడో పాతసామాన్ల దుకాణంలో కొన్న గాజు ఇన్సులేటర్ ఫొటో పంపి, "మావయ్యా, ఇదెప్పటిది?" అని అడిగాడు. టెలిగ్రాఫ్ స్తంభాల మీద తీగను మోస్తూ, బోర్లించిన గ్లాసులా ఉండేవే ఇవి. ఎన్నో ఏళ్ళుగా పోగేస్తున్నాను. మా ఆవిడ లెక్కలో మాత్రం అవి ఆవకాయకు కూడా పనికిరాని సీసాలు. అచ్చు అతుకు గీత ఎందాకా పాకింది, గాజులో బుడగలున్నాయా, లోపల మేకు బిగించే మరచుట్లు ఉన్నాయా అని వరసగా చెప్పుకొస్తూ, అంచున అచ్చుపడ్డ సంవత్సరం చూడమనే చోట ఆగిపోయాను. పిన్ని గుర్తొచ్చింది.

మా చిన్నాన్న ఖరగ్‌పూర్‌లో రైల్వే టెలిగ్రాఫ్ లైన్‌మన్. ఒక గాలివాన రోజు తెగిన తీగ కట్టడానికి స్తంభం ఎక్కి, పైనుంచి పడి చనిపోయాడు. పిన్నిది అప్పటికి చిన్న వయసు. ఆయన బదులు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో క్వార్టర్ వచ్చింది. అయినా ఆయన చివరిసారి చెయ్యి వేసిన వస్తువేదైనా కావాలని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉండేది. చివరికి ఆ పాత లైను పీకేస్తున్నప్పుడు, చిన్నాన్నతో జంటగా పనిచేసిన బెంగాలీ దాదా ఒక నీలం గాజు ఇన్సులేటర్ తెచ్చి, అది ఆ స్తంభం మీదిదేనని ఆమె చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి అది దేవుడి గూట్లో ఉండేది. శుక్రవారం శుక్రవారం దానికీ పసుపు రాసేది.

నాకు ఈ పిచ్చి కొత్తగా పట్టిన రోజుల్లో పిన్నే దాన్ని నా చేతికిచ్చింది. "ఎప్పటిదో సూసి సెప్పరా బాబూ. ఆయన సెయ్యి దీని మీద ఎన్నేళ్ళు పడినాదో తెలుస్తాది."

పేరుకున్న పసుపు తుడిచాను. అంచున అంకెలు తేలాయి. చిన్నాన్న పోయిన తరువాత తయారైన గాజు అది.

"ఏటిరా? దాయకుండా సెప్పు," అంది నా ముఖం చూసి. చెప్పాను. గాజును కొంగులో చుట్టుకుని లేచి, "దాదా ఇంటికి తీసుకెళ్ళు," అంది.

దాదా అప్పటికే రిటైరై వరండాలో కూర్చుని ఉన్నాడు. గాజు చూడగానే అతనికి అర్థమైంది.

"బౌదీ, అసలుది అతని చేతిలోనే పగిలింది. ఆ ముక్కలు మీకెలా ఇస్తాను?" అన్నాడు, పిన్నిని బెంగాలీలో వదినా అని పిలిచి, మిగతాది తనకొచ్చిన తెలుగులో. తలొంచుకుని, "ఆ రోజు ఎక్కాల్సింది నేను. నాకు జ్వరమని అతను ఎక్కాడు," అన్నాడు.

పిన్ని అరుస్తుందనుకున్నాను. ఆమె అతని ఎదురుగా కూలబడి, "ఇన్నేళ్ళూ ఈ మాట నువ్వొక్కడివే మోసినావా దాదా?" అంది. ఇద్దరూ ఏడ్చారు. ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమని అడిగింది. సగం తాగిన టీ, జ్వరంతో కింద నిలబడ్డ దాదా చేతికిచ్చి చిన్నాన్న నవ్వుతూ స్తంభం ఎక్కాడట. ఆ నవ్వు సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

ఆ ఏడాది చిన్నాన్న తద్దినం నాడు దాదా మొదటిసారి మా పిన్ని ఇంట్లో భోంచేశాడు. బతికినన్నాళ్ళూ మరి మానలేదు. ఇద్దరూ ఇప్పుడు లేరు. దుఃఖానికి కాలమే మందంటారు గానీ, వాళ్ళిద్దరి విషయంలో ఆ మాట బయటపడ్డాకే కాలం కదిలింది.